డాక్టరు వెనకాల ఓ లైబ్రేరియన్

బళ్లారి నుంచి బాల్టిమోర్ దాకా.. వైద్య గ్రంథాలయాల వాళ్ల కథ

పచ్చకామెర్లు వస్తే సరిహద్దుకు ఇటైనా అటైనా ముందు గుర్తొచ్చే మందు ఒక్కటే.. నేల ఉసిరి. బళ్లారి, రాయచూరు వైపు దాన్ని నెలనెల్లి అంటారు. వేలూరు, హోసూరుల్లో కీళానెల్లి. షోలాపూర్ వీధుల్లో భుయ్ ఆవళా. బరంపురం దగ్గర భుయిఁ అఁళా. తెలుగు ఇళ్లవాళ్లు పక్కింటి భాషలో పేరు కనుక్కుని ఆకు తెచ్చుకుంటారు, నూరి పరగడుపున మింగిస్తారు. వారం పది రోజులు చూస్తారు. కళ్లలో పచ్చదనం తగ్గకపోతే అప్పుడు బస్సెక్కి పెద్దాసుపత్రికి బయలుదేరతారు.

అక్కడ డాక్టరు గారు రక్తపరీక్ష రాయించి హెపటైటిస్-బి అని చెబుతారు. వెంట వచ్చిన పెద్దావిడ ఒక్క ప్రశ్న వేస్తుంది. ‘ఇన్నాళ్లూ ఆకు మింగించాం కదయ్యా, పని చేస్తుందా, చేయదా?’

చూడ్డానికి చిన్న ప్రశ్నే. జవాబు మాత్రం ఒక పుస్తకంలో లేదు. మద్రాసులో చేసిన ఒక పరిశోధన ఉంది. దాని తర్వాత వేరే దేశాల్లో చేసినవి ఉన్నాయి. ఒకటి అవునంటుంది, ఇంకొకటి కాదంటుంది. అన్నీ ఏరి, కాలం చెల్లినవి పక్కన పెట్టి, మిగిలినవి డాక్టరు బల్ల మీదకు చేర్చేవాళ్లు ఒకరుండాలి. వాళ్లే వైద్య గ్రంథాలయాల లైబ్రేరియన్లు. తెల్లకోటు వేసుకోరు. రోగులకు కనపడరు. బిల్లులో వాళ్ల పేరు ఉండదు. వాళ్లకూ ఒక సంఘం ఉందని, అది నూటపాతికేళ్లు దాటినదని ఆసుపత్రికి వెళ్లివచ్చే మనలో ఎంతమందికి తెలుసు!

1966కు ముందు ఏముందో చూడలేదు

వెతకడం తప్పితే ఏమవుతుందో 2001లో అమెరికాలోని బాల్టిమోర్‌లో తెలిసింది. అక్కడి జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం ఉబ్బసం మీద ఒక ప్రయోగం పెట్టింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు హెక్సామెథోనియం అనే రసాయనాన్ని పీల్చాలి. ఊపిరి గొట్టాలు ఎలా స్పందిస్తాయో డాక్టర్లు చూడాలి. అదే సంస్థలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పని చేస్తున్న 24 ఏళ్ల యువతి స్వచ్ఛందంగా ముందుకొచ్చారు. మే నెల మొదట్లో మందు పీల్చారు. దగ్గు మొదలైంది, జ్వరం వచ్చింది, ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. జూన్ 2న ఆమె చనిపోయారు.

ఈ హెక్సామెథోనియం కొత్తదేమీ కాదు. 1950లలో రక్తపోటుకు వాడిన మందే. అప్పట్లోనే దానివల్ల కొందరి ఊపిరితిత్తులు పాడయ్యాయని డాక్టర్లు పత్రికల్లో రాసి పెట్టారు. ప్రయోగానికి ముందు పరిశోధకుడు వెతక్కపోలేదు. పబ్‌మెడ్‌లో చూశారు, పాఠ్యపుస్తకమూ చూశారు. కాకపోతే అప్పటి పబ్‌మెడ్ వెతుకులాట 1966తో ఆగిపోయేది. ఆ గీతకు అవతల ఉన్న వ్యాసాలు కంప్యూటర్‌కు కనపడలేదు. అవి లైబ్రరీలో, బీరువాల్లో, అట్ట కట్టిన పాత సంపుటాల్లో ఉన్నాయి.

జులైలో అమెరికా ప్రభుత్వం ఆ సంస్థలో తన సొమ్ముతో మనుషులపై జరుగుతున్న పరిశోధనలను కొన్ని రోజుల పాటు నిలిపేసింది. ఒక లైబ్రేరియన్‌ను అడిగి ఉంటే ఆ అమ్మాయి బతికేదా అన్న చర్చ వైద్య లైబ్రేరియన్ల లోకంలో చాలా కాలం నడిచింది. అడిగి ఉంటే పాత సూచికల పుస్తకాలు తీసేవారన్నది వాళ్ల మాట. అందులో నిజముంది. వాళ్ల చదువులో మొదటి పాఠాల్లో ఒకటి.. కంప్యూటర్ చూపించనిది లేనట్టు కాదు.

నలుగురు డాక్టర్లు, నలుగురు లైబ్రేరియన్లు

ఈ వృత్తికి సంఘం కట్టింది కూడా ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. 1898 మే 2న ఫిలడెల్ఫియాలో ఒక వైద్య పత్రిక కార్యాలయంలో ఎనిమిది మంది కూర్చున్నారు. నలుగురు డాక్టర్లు, నలుగురు లైబ్రేరియన్లు. పిలిచింది ఆ పత్రిక సంపాదకుడు జార్జి గౌల్డ్. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ వైద్య గ్రంథాలయం నుంచి మార్గరెట్ చార్ల్‌టన్ వచ్చారు. ఆనాటి వైద్యులందరికీ గురువులాంటి విలియం ఆస్లర్ అండ దొరికింది. మొదట ‘అసోసియేషన్ ఆఫ్ మెడికల్ లైబ్రేరియన్స్’ అనుకున్నారు. 1907లో ‘మెడికల్ లైబ్రరీ అసోసియేషన్’గా మారింది. నేటికీ అదే పేరు.

సంఘమంటే తీర్మానాలు, దండలు అనుకుంటాం. వీళ్లు మొదలెట్టింది ఇచ్చిపుచ్చుకోవడం. ఒక లైబ్రరీలో ఒకే పత్రిక రెండు ప్రతులుంటాయి, ఇంకో ఊళ్లో ఒక్కటీ ఉండదు. ఎక్కువున్నవాళ్లు జాబితా పంపాలి, లేనివాళ్లు అడగాలి, తపాలా ఖర్చు పెట్టుకుని తెప్పించుకోవాలి. దీనికి ‘ఎక్స్‌చేంజ్’ అని పేరు పెట్టారు. పల్లెటూళ్లో విత్తనాలు మార్చుకున్నట్టే. డబ్బు లేని చిన్న లైబ్రరీల్లో పాత సంపుటాల ఖాళీలు పూడింది ఇలాగే.

ఈ ఎక్స్‌చేంజ్‌ను ఏళ్ల తరబడి మోసిన మనిషి మార్సియా నోయిస్. ఆమె కథ కాస్త చెప్పుకోవాలి. బాల్టిమోర్‌లో మేరీల్యాండ్ రాష్ట్ర వైద్యుల సంఘం లైబ్రరీకి 1896లో ఆస్లర్ ఆమెను తీసుకొచ్చారు. అంతకుముందు ఆమె పని చేసింది మామూలు పౌర గ్రంథాలయంలో. వైద్యంలో ఓనమాలు తెలియవు. జబ్బుల పేర్లు నేర్చుకుంటూనే పుస్తకాలు సర్దారు. ఏ పుస్తకం ఏ అరలో ఉండాలో చెప్పే వర్గీకరణను వైద్య గ్రంథాల కోసమే తయారు చేశారు. 1909లో ఆ సంఘానికి కొత్త భవనం కట్టినప్పుడు పై అంతస్తులోనే ఆమెకు ఇల్లు ఇచ్చారు. కింద లైబ్రరీ, పైన కాపురం. ఏ వేళలో పుస్తకం కావాలన్నా మనిషి అక్కడే ఉంటుంది.

సంఘం అధ్యక్షులుగా ముప్పై ఏళ్లకు పైగా డాక్టర్లే ఉంటూ వచ్చారు. లైబ్రేరియన్ల సంఘానికి లైబ్రేరియన్ అధ్యక్షురాలు కావడానికి 1933 దాకా పట్టింది. ఆ మొదటి మనిషి నోయిస్. ఇప్పుడిది వింతగా అనిపిస్తుంది గానీ, మన దగ్గర మాత్రం ఎన్ని కాలేజీల్లో లైబ్రరీ కమిటీలో లైబ్రేరియన్ మాట చెల్లుతోంది? 1946లో ఆమె చనిపోయేదాకా, అంటే 50 ఏళ్లు, ఆ ఒక్క లైబ్రరీలోనే ఉన్నారు. అంత్యక్రియల ప్రార్థన కూడా ఆ భవనంలోనే జరిగింది. ఆమె ఇంకా ఆ మెట్ల మీద తిరుగుతుంటారని అక్కడివాళ్లు సరదాగా దెయ్యం కథ చెబుతారు. సంఘం ఇచ్చే అత్యున్నత పురస్కారం ఆమె పేరుతోనే ఉంది.

ఇటు మద్రాసులోనూ..

అక్కడ ఆమె అరలు సర్దుతున్న రోజుల్లోనే ఇక్కడ మద్రాసు విశ్వవిద్యాలయంలో లెక్కల మాస్టారు ఒకాయన లైబ్రేరియన్‌గా చేరారు. ఎస్.ఆర్. రంగనాథన్. 1924 నాటి మాట. అప్పటికి ఆంధ్ర జిల్లాలు, బళ్లారి, గంజాం అన్నీ మద్రాసు రాజధానిలోనివే. 1933లో అచ్చయిన ఆయన కోలన్ వర్గీకరణలో వైద్యానిది ఒక అక్షరం. ఆ తర్వాత ఏ అవయవం, ఏ జబ్బు, ఏ చికిత్స అని ఒక్కో అంకె చేరుతూ పోతుంది. ఊపిరితిత్తులకు 45, క్షయకు 421. పుస్తకం వీపు మీద అంకె చూస్తే లోపలి సంగతి తెలిసిపోతుంది. డాక్టరు రోగిని పరీక్షించే వరుస కూడా అదే కదా.. ఎక్కడ, ఏమిటి, ఏం చేద్దాం!

లెక్క చూపించమన్నారు

పుస్తకాలు సర్దేవాళ్లకు జీతం దండగ అనే మాట ఏ దేశంలోనైనా వస్తుంది. 1986లో అమెరికా ప్రభుత్వం మెడికేర్ నిబంధనల్లోంచి ఆసుపత్రికి లైబ్రరీ ఉండి తీరాలన్న షరతును తీసేసింది. ఖర్చు తగ్గించుకోవాలనుకున్న యాజమాన్యాల చూపు లైబ్రరీల మీద పడింది. ‘మీవల్ల రోగికేంటి లాభం’ అని అడిగారు. అడగడంలో తప్పు లేదు. జవాబు చెప్పడానికి లెక్కలు కావాలి.

జోన్ మార్షల్ అనే పరిశోధకురాలు న్యూయార్క్ రాష్ట్రం రోచెస్టర్ ప్రాంతంలోని 15 ఆసుపత్రుల డాక్టర్లను అడిగారు. ఒక నిజమైన కేసు విషయంలో లైబ్రరీని సమాచారం అడగండి, ఆ తర్వాత ఏం మారిందో చెప్పండి అన్నారు. 208 మంది జవాబిచ్చారు. రోగి విషయంలో ఏదో ఒక నిర్ణయం తప్పకుండా లేదా బహుశా మార్చుకున్నామన్నవారు 80 శాతం. మందు మార్చామన్నవారు 45 శాతం. రోగ నిర్ధారణే మారిందన్నవారు 29 శాతం. ఒక మరణం తప్పిందన్నవారు 19 శాతం. ఈ ఫలితాలు 1992లో సంఘం పత్రికలోనే అచ్చయ్యాయి. 2013లో ఇదే పని పెద్దగా చేశారు. 118 ఆసుపత్రులు, 16 వేలకు పైగా వైద్యులు, నర్సులు. 75 శాతం మంది అదే మాట చెప్పారు.

ఇవి డాక్టర్లు తమకు తాము చెప్పుకున్న సంగతులే గానీ రోగుల రికార్డులు తిరగేసి తేల్చినవి కావు. ఆ మేరకు కాస్త తగ్గించి చదువుకోవాలి. తగ్గించినా చిన్న సంఖ్యలు కావు. అయినా అక్కడ ఆసుపత్రి లైబ్రరీల మూత ఆగలేదు.

ఈ లెక్కలు తీయించడం, అచ్చు వేయించడం, మూతపడుతున్న చోట యాజమాన్యాలతో వాదించడానికి కాగితాలు తయారు చేసి ఇవ్వడం.. సంఘం పనిలో సగం ఇదే. మిగతా సగం చదువు చెప్పడం. 1989లో సంఘం తన సభ్యుల కోసం ఒక అకాడమీ పెట్టింది. చదువు, అనుభవం చూసి హోదా ఇస్తుంది. అది శాశ్వతం కాదు, కొన్నేళ్లకోసారి కొత్త సంగతులు నేర్చుకున్నామని చూపించి నిలబెట్టుకోవాలి. లైబ్రేరియన్ జ్ఞానానికీ గడువు తేదీ ఉంటుందన్నమాట.

గడువు సంగతి 2020లో అందరికీ అర్థమైంది. కరోనా కాలంలో హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద లాన్సెట్ పత్రిక మే 22న ఒక వ్యాసం వేసింది. దాన్ని చూసి పలుచోట్ల ప్రయోగాలు ఆపారు. లెక్కల మూలాలు చూపించలేకపోవడంతో జూన్ 4న ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. పట్టుమని రెండు వారాలు. ఆ రెండు వారాల్లో దాన్ని డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్న డాక్టరుకు ఇది చెల్లదని చెప్పాల్సిందెవరు? మళ్లీ ఆ బల్ల దగ్గరి మనిషే.

పేద దేశమే.. కానీ జాబితాలో లేదు

ఇక మన వైపు చూద్దాం. వైద్య పత్రికల ధరలు సామాన్యమైనవి కావు. ఒక్క విదేశీ పత్రిక ఏడాది చందా లక్షల్లో ఉండే సందర్భాలున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 జనవరిలో ‘హినారి’ పథకం తెచ్చింది. పెద్ద ప్రచురణ సంస్థలు పేద దేశాలకు తమ పత్రికలను ఉచితంగానో, నామమాత్రపు ధరకో ఇస్తాయి. ఆదాయం చూస్తే అప్పట్లో భారత్‌కు అర్హత ఉండేది. కానీ జాబితాలో పేరు లేదు. ఇక్కడ చందాలు కట్టే సంస్థలు ఉన్నాయి కాబట్టి ఆ వ్యాపారం వదులుకోవడానికి ప్రచురణకర్తలు ఒప్పుకోలేదు. పేదలమే గానీ కొనేవాళ్లం కూడా కావడం మన నేరమైంది.

అప్పుడు లైబ్రేరియన్లు పట్టుకున్నది పాత ఎక్స్‌చేంజ్ సూత్రమే, రూపం వేరు. కర్ణాటకలోని రాజీవ్‌గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం 2003లో ‘హెలినెట్’ను మొదలెట్టింది. ఒక్కో కాలేజీ ఒక్కోటి విడిగా కొనడం మాని, అందరి వాటా ఒకచోట పోగేసి విశ్వవిద్యాలయమే ప్రచురణకర్తలతో బేరమాడింది. చీటీ పాట కట్టినట్టు. బెంగళూరు పెద్ద కాలేజీ తెరిచే పత్రికనే మారుమూల కాలేజీ విద్యార్థీ తెరవగలిగాడు. 1961 నుంచి ఉన్న బళ్లారి వైద్య కళాశాల ఈ విశ్వవిద్యాలయం కిందిదే. సరిహద్దు దాటి అక్కడ చదువుకున్న తెలుగు పిల్లలు ఎందరో! 2008లో ఢిల్లీలోని జాతీయ వైద్య గ్రంథాలయం కూడా ఇలాంటిదే ‘ఎర్మెడ్’ పేరుతో ప్రభుత్వ వైద్య సంస్థల కోసం నడిపింది. మెడికల్ లైబ్రరీ అసోసియేషన్ ఆఫ్ ఇండియా పేరుతో మన దేశంలోనూ ఈ వృత్తివారికి సంఘముంది, సదస్సులు జరుపుతుంటుంది.

2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ‘ఒకే దేశం ఒకే చందా’ పథకానికి ఒప్పుకుంది. మూడేళ్లకు రూ.6 వేల కోట్లు. 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13 వేల పత్రికలు, 6,300 ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలు. 2025 జనవరి 1 నుంచి మొదలైంది. బరంపురం, బళ్లారి, షోలాపూర్ సర్కారు వైద్య కళాశాలల్లాంటి వాటికి ఇది వర్తించే పథకం. ప్రైవేటు కాలేజీలను మాత్రం మొదటి దశలో కలపలేదు. సరిహద్దు జిల్లాల్లో తెలుగు పిల్లలు లక్షలు పోసి చేరేవి ఎక్కువగా అవే మరి. ఇంకో సంగతి. తలుపు తెరిస్తే సరిపోదు, లోపల దారి చూపే మనిషి ఉండాలి. చందా కేంద్రం కట్టింది కదా, ఇక లైబ్రేరియన్ పోస్టు ఎందుకని ఎవరైనా అనుకుంటే బాల్టిమోర్ కథ మళ్లీ మొదటికొస్తుంది.

కామెర్లు, కామాలె, కావీళ్

లైబ్రేరియన్ పనిలో అసలు కష్టం మాటలతోనే. సరిహద్దు మనిషికి ఇది వేరే చెప్పక్కర్లేదు. తెలుగులో పచ్చకామెర్లు. కన్నడంలో కామాలె. అరవంలో మంజళ్ కామాలై. మరాఠీలో కావీళ్. చెవికి అన్నీ ఒక తల్లి బిడ్డలే. కానీ కేస్ షీటులోకి వెళ్లేసరికి ఇంగ్లిషులో ‘జాండిస్’ ఒక్కటే మిగులుతుంది. మనవాళ్లు ‘గ్యాస్ పట్టేసింది’ అన్నది గుండెపోటు కావచ్చు. ‘ఫిట్స్’ అన్నది మూర్ఛ కావచ్చు, కాకపోవచ్చు.

వైద్య పత్రికల్లోనూ ఇదే గొడవ. ఒకే జబ్బును ఒక్కో రచయిత ఒక్కో పేరుతో రాస్తాడు. దీనికి మందుగా అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 1960లో ‘మెష్’ అనే పదాల పట్టిక తెచ్చింది. ఇప్పుడు అందులో 30 వేలకు పైగా శీర్షికలున్నాయి. ఏటా సవరిస్తారు. రచయిత ‘హార్ట్ ఎటాక్’ అని రాసినా, ఇంకేదో అన్నా పట్టికలో ‘మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్’ కిందకే చేరుతుంది. ఇంటిపేర్లు పట్టుకుని బంధుత్వం కలిపినట్టు.

ఇక పెద్దావిడ అడిగిన ప్రశ్న. 1988లో మద్రాసు పరిశోధకులు, హెపటైటిస్-బి వైరస్‌ను కనుగొని నోబెల్ అందుకున్న బ్లూమ్‌బర్గ్‌తో కలిసి లాన్సెట్‌లో ఒక వ్యాసం రాశారు. ఒంట్లో వైరస్ ఉండిపోయినవాళ్లకు నేల ఉసిరి పొడిని నెల రోజులిచ్చారు. తీసుకున్న 37 మందిలో 22 మందికి తర్వాత రక్తంలో వైరస్ గుర్తు కనపడలేదు. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ఒక్క ఈ వ్యాసం దొరికిన డాక్టరు ‘భేష్, ఆకు మింగించండి’ అంటారు. కానీ ఆ తర్వాత వేరేచోట్ల చేసినవాళ్లకు ఆ ఫలితం రాలేదు. 2011లో కాక్రేన్ సంస్థ 16 ప్రయోగాలను ఒకచోట చేర్చి చూసింది. ఉత్తుత్తి మందు కంటే ఇది మేలని నమ్మదగ్గ ఆధారం దొరకలేదని తేల్చింది. ఇలాంటి క్రోడీకరణలో ఏ పదాలతో, ఎక్కడెక్కడ వెతికామో పూసగుచ్చినట్టు రాయాలి. ఆ వెతుకులాట లైబ్రేరియన్ల చేతుల మీదుగా సాగే పని. వేలూరు సీఎంసీలోనూ కాక్రేన్ కేంద్రం పని చేసింది. 2007లో ఐసీఎంఆర్ చందా కట్టి కాక్రేన్ గ్రంథాలయాన్ని దేశంలో ఎవరైనా ఉచితంగా చదువుకునేలా తెరిపించింది కూడా.

ఇదంతా చూసిన డాక్టరు ఆ ఇంటివాళ్లకు చెప్పేది వేరేగా ఉంటుంది. హెపటైటిస్-బికి రక్తంలో వైరస్ ఎంతుందో చూసి అవసరమైతే మందు మొదలెట్టాలి, ఇంట్లో మిగతావాళ్లకు పరీక్ష చేయించి టీకా వేయించాలి. ఆకు నూరుతూ కూర్చున్న వారాలు ఆ పనిలో పోయిన వారాలే. ఏ ఆకు, ఎన్నాళ్లు, ఎంత మింగించారో దాచకుండా డాక్టరుకు చెప్పాలి. పేరు కన్నడంలో చెప్పినా, అరవంలో చెప్పినా ఫర్వాలేదు.

పబ్‌మెడ్ 1997 నుంచి ఎవరికైనా ఉచితమే. పాత సూచికలూ ఎక్కించడంతో ఇప్పుడది 1966 గీత దాటి 1940ల దాకా వెళ్తుంది. వైద్య విద్యార్థులు ఇంట్లో ఉంటే వెతికి చూడొచ్చు. నేల ఉసిరికి శాస్త్రీయ నామం ఫిల్లాంథస్ అమారస్. పాత వ్యాసాల్లో చాలాచోట్ల ఫిల్లాంథస్ నిరూరి అని ఉంటుంది. రెండూ కొట్టాలి.